బొమ్మ మీది బొమ్మ

తెలుగున ‘బొమ్మ’ అను మాట ఒక్కటియే రెండు పనులు చేయుచున్నది. పిల్లవాడు చేతబట్టి ఆడుకొనునదియు బొమ్మయే. గోడ మీద గీసినదియు బొమ్మయే. తోలుతో చేసి తెర వెనుక ఆడించునది కూడ బొమ్మయే. ఆకారమును, చిత్రమును మనవారు ఒకే మాటలో ఇమిడ్చినారు. మన పూర్వపు బొమ్మలలో ఆ రెండును విడదీయరానివై యుండెడివి గనుక ఆ పేరు వానికి చక్కగా అమరినది. ప్లాస్టిక్ బొమ్మ వచ్చిన పిదప బొమ్మ వేరు, బొమ్మ మీది బొమ్మ వేరు అయినవి. ఒక యంత్రము దేహమును పోయును. మరియొక యంత్రము దాని మీద కన్నులను, బట్టలను, అక్షరములను అద్దును. దేహము నిక్షేపముగ నుండి, అద్దినది మాత్రము తప్పైనచో, దానిని తీసివేయవచ్చునా? తీసివేయునపుడు దేహమునకు హాని కలుగకుండ చూచుట ఎట్లు? ఇది అల్పవిషయమని పాఠకులు తోసివేయరాదు. చిన్న తరగతులకు పాఠము చెప్పు ఉపాధ్యాయులకు ఈ ప్రశ్న తరచుగ ఎదురగుచున్నది.

ఇటీవల ఒక ప్రాథమిక పాఠశాలకు దాత యొకరు ఇచ్చిన అక్షరాల బిళ్లల పెట్టెను చూచితిని. తయారుచేసిన వారి పేరు ఇచ్చట అప్రస్తుతము. బిళ్లలు గట్టివి, అంచులు నునుపైనవి, రంగులు కంటికి ఇంపైనవి. వాని మీది తెలుగే సరిగా లేదు. ‘ధ’ క్రింది ఒత్తుగీత లోపించి అది ‘ద’ అయి కూర్చున్నది. విల్లు బొమ్మ వేసి దాని క్రింద ‘దనుస్సు’ అని అచ్చొత్తినారు. ‘బాణము’ కాస్త ‘బానము’ అయినది. ‘క్ష’ బిళ్ల మీద కకారము ఒక మూలను, షకారము మరియొక మూలను నిలిచి, రెంటికి నడుమ పొల్లు దిక్కులేనిదై వ్రేలాడుచున్నది. అక్షరములను కూర్చు కంప్యూటరు సాధనమునకు తెలుగు ఒత్తుల సంగతి తెలియనిచో ఇట్టి విడ్డూరము జరుగును. తెలుగు చదువరాని వారు కూర్చి, చదువరాని వారే సరిచూచి, సంతకము చేసి పంపినట్లున్నది. అచ్చులో పోసిన బిళ్ల మీద అచ్చొత్తిన అచ్చులు మాత్రము తప్పు లేక వెలువడినవి. హల్లులకే ఆ గతి పట్టినది.

పుస్తకములోని అచ్చుతప్పును ఉపాధ్యాయుడు నోటితో దిద్దవచ్చును. బిళ్ల మీది తప్పును అంత తేలికగ దిద్దలేము. పిల్లవాడు దానిని నేల మీద పరచి, వరుస పేర్చి, దినమునకు పదిమార్లు చేతితో తడవి చూచును. అయిదారేండ్ల వయసున చేయి నేర్చినది మనస్సు సులువుగ మరువదు. పైగా చక్కని రంగుల బిళ్ల మీద నున్నది తప్పనియు, నల్లబల్ల మీద సుద్దముక్కతో వ్రాసినది ఒప్పనియు ఆ వయసు బిడ్డను నమ్మించుట ఎట్లు?

ఇట్టి సందర్భమున మన పాఠశాలలలో రెండు పద్ధతులు కనబడుచున్నవి. పెట్టెను అటక మీదికి ఎక్కించుట ఒకటి. ‘ఉచితముగ వచ్చినదానికి వంకలేల’ అని అట్లే వాడుకొనుట రెండవది. మొదటిదాని వలన వస్తువు పాడగును. రెండవదాని వలన చదువు పాడగును. తప్పు అచ్చును మాత్రము తొలగించి బిళ్లను నిలుపుకొనుట మూడవ మార్గము. ఇదియే సరియైనదని నా అభిప్రాయము. అయితే దీనికి ఓర్పు కావలెను. వస్తువు స్వభావము తెలిసియుండవలెను. ఆ రెండును లేక చేయి చేసికొన్నవారు అక్షరముతో పాటు బిళ్లను కూడ పోగొట్టుకొనుచున్నారు.

తాళపత్ర గ్రంథములను పరిష్కరించు పండితులు పాటించు నియమ మొకటి ఇచ్చటను పనికివచ్చును. తప్పు కనబడగనే కొట్టివేయరాదు. అది లోపము వలన వచ్చినదా, ఆధిక్యము వలన వచ్చినదా అని ముందు చూడవలెను. ‘ధ’కారమునకు గీత లోపించినచో దానిని చెరుపనేల? గీత చేర్చిన చాలును. ‘బానము’లోని నకారము మాత్రము పోవలసినదే. ఇట్లు విడదీసి చూడగా, నేను చెప్పిన పెట్టెలో తప్పులున్న బిళ్లలలో సగమునకు తుడుపు పనియే లేకపోయినది. చేయనక్కరలేని పనిని గుర్తించుట ఈ విద్యలో మొదటి మెట్టు.

చెరుపక తప్పదని తేలిన పిదప, రంగు ఎక్కడ నివసించుచున్నదో తెలిసికొనవలెను. మన పాత వస్తువులను చూచినచో ఈ మాట స్పష్టమగును. తాటాకు మీద గంటముతో గీసి పిదప మసి పూయుదురు. మసి పోయినను అక్షరము పోదు. అది ఆకు దేహములోనే యున్నది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున నున్న ఏటికొప్పాకలో అంకుడు కొయ్యను గిరగిర త్రిప్పుచు దానికి రంగు కలిపిన లక్కను ఒత్తుదురు. రాపిడి వేడిమికి లక్క కరిగి కొయ్యను పట్టుకొనును. అచ్చట రంగే బొమ్మకు చర్మము. కొండపల్లి బొమ్మ తీరు వేరు. తెల్లపొణికి చెక్కతో అవయవములను చెక్కి, చింతగింజల పొడియు రంపపు పొట్టును కలిపిన ముద్దతో అతికి, సున్నపు పూత పూసి, దాని మీద రంగులు దిద్దుదురు. ఆ రంగును గీకినచో సున్నపు పూతయు ఊడివచ్చును, చెక్క బయటపడును. ఈ బొమ్మల మీద చిత్రమును చెరిపి బొమ్మను నిలుపుట దాదాపు అసాధ్యము. చెరుపవలెనను కోరికయు ఎవరికిని కలుగదు.

ప్లాస్టిక్ బొమ్మ మీద చిత్రము నిలుచు విధములు కొన్ని కలవు. అన్నిటికంటె తేలికయైనది కాగితపు చీటిని గాని, పలుచని పొరను గాని జిగురుతో అంటించుట. గోటితో అంచును తడవినచో తెలియును. ఎక్కువగ వాడుకలో నున్నది ప్యాడ్ ప్రింటింగు అను పద్ధతి. పలక మీద చిత్రమును సన్నని లోతుతో చెక్కి, ఆ గుంటలో సిరా నింపి, పైన అంటినదానిని తుడిచివేయుదురు. పిదప మెత్తని సిలికోన్ దిండు నొకదానిని పలక మీద అద్ది, ఆ సిరాను ఎత్తుకొని, బొమ్మ మీద ఒత్తుదురు. దిండు మెత్తనిది గనుక బొమ్మ వంపులకు తగినట్లు తాను వంగును. ముక్కు ప్రక్కను, బుగ్గ మీదను కూడ సిరా చెదరక అంటును. లెగో బొమ్మలలోని చిన్న మనుష్యుల ముఖములు ఇట్లు అద్దినవే. 1978లో ఆ చిన్న మనుష్యుడు పుట్టినపుడు వాని ముఖము మీద రెండు చుక్కలు, ఒక చిరునవ్వు మాత్రమే యుండెను. 1989లో సముద్రపు దొంగల బొమ్మలు వచ్చువరకు 11 ఏండ్లు అందరిదియు అదే నవ్వు!

ఈ సిరాలోని ద్రావణి ప్లాస్టిక్కు పైపొరను ఇంచుక కొరికి పట్టుకొనును. అందుచేత సిరా కేవలము పైననే యున్నదనుకొనుట పొరపాటు. పాలిథీన్, పాలీప్రొపిలీన్ వంటి జిడ్డు స్వభావము గల ప్లాస్టిక్కులకు సిరా అంటదు గనుక, అద్దుటకు ముందు వాని ఉపరితలమును మంటతో గాని, విద్యుత్తుతో గాని సిద్ధపరచుదురు. ఇక మరియొక పద్ధతి గలదు. చిత్రము గల పొరను అచ్చులోనే అమర్చి, దాని మీద కరిగిన ప్లాస్టిక్కును పోయుదురు. అప్పుడు చిత్రమును దేహమును ఏకమగును. దానిని తుడుచు ప్రయత్నము నీటి మీద వ్రాత వంటిది. గోటికి అంచు తగులక, రుద్దిన వ్రేలికి ఎత్తు తెలియక, చిత్రము ప్లాస్టిక్కు లోపలినుండి చూచుచున్నట్లున్నచో అది ఈ జాతి యని గ్రహించి చేయి తీయవలెను.

సిరాను గురించి ఎంత తెలిసినను, దేహమును గురించి తెలియనిచో ప్రయోజనము లేదు. ప్లాస్టిక్ అనునది ఒక పదార్థము కాదు, ఒక వంశము. ఆ వంశమున ఒకరికి అమృతమైనది మరియొకరికి విషము. విద్యార్థులకు తెలిసిన నిదర్శన మొకటి చెప్పెదను. పెన్సిలు గీతలు తుడుచు రబ్బరును వేసవి సెలవులలో ప్లాస్టిక్ డబ్బాలో వదలివేసినచో, సెలవులు ముగిసిన పిదప అది డబ్బాకు అతుక్కొని, అచ్చట గుంట పడియుండుట అనేకులు చూచియుందురు. వేడికి కరిగినదని అందురు. అది నిజము కాదు. రబ్బరని మనము పిలుచుచున్నది చాలవరకు పి.వి.సి. అను ప్లాస్టిక్కే. దానిని మెత్తపరచుటకు కలిపిన నూనె వంటి పదార్థము మెల్లగ వెలికివచ్చి, తాకిన ప్లాస్టిక్కును కూడ మెత్తపరచును. కమలాపండు తొక్కను గాలిబుడగ దగ్గర పిండినచో అది ‘ఠాప్’ మని పగులుట మరియొక వింత. తొక్కలోని లిమోనీన్ అను తైలము బుడగ రబ్బరును కొరికివేయును. అదే తైలము థర్మోకోల్‌ను కూడ కరగించును. వంటింటిలోని తొక్కకే ఇంత శక్తి యున్నపుడు సీసాలలోని ద్రవముల మాట చెప్పవలెనా?

అందుచేతనే నాకు కోపము తెప్పించు సలహా ఒకటి గలదు. ప్లాస్టిక్ మీది అచ్చు పోవలెనన్న గోళ్ల రంగు తుడుచు ద్రవము తెచ్చి తుడువుడని అడిగినవారికెల్ల చెప్పుట పరిపాటి అయినది. ఆ ద్రవములో సాధారణముగ నుండునది అసిటోన్. గట్టి బొమ్మలలో చాలభాగము ఏ.బి.ఎస్. అను ప్లాస్టిక్కుతో చేసినవి. లెగో ఇటుకలు 1963 నుండి దానితోనే తయారగుచున్నవి. అసిటోన్ ఏ.బి.ఎస్.ను కరగించును. ఒక్కసారి దూదితో అద్దినను మెరుగు పోయి, జిగట పుట్టి, దూది పోగులు అంటుకొని, ఆరిన పిదప తెల్లని మచ్చ మిగులును. థర్మోకోల్, పలుచని స్కేళ్లు, తళతళలాడు చౌక బొమ్మలు పాలీస్టైరీన్‌తో చేసినవి. వాని గతియు అంతే. ‘అసిటోన్ లేనిది’ అని చీటి అంటించిన సీసాలు కూడ అంగళ్లలో దొరకుచున్నవి. ఆ మాట చూచి మోసపోవువారు ఎక్కువ. అందు అసిటోన్‌కు బదులు తరచుగ ఇథైల్ అసిటేట్ ఉండును, అదియు ఏ.బి.ఎస్.ను, పాలీస్టైరీన్‌ను విడిచిపెట్టదు. పాలిథీన్ మీద, పాలీప్రొపిలీన్ మీద ఈ ద్రవములు పెద్దగ పనిచేయవు. మెత్తని పి.వి.సి. బొమ్మ తల మీద త్వరత్వరగ తుడిచినచో నష్టము తక్కువ. కాని ఆ తలకు క్రింద నున్న మొండెము తరచుగ వేరొక గట్టి ప్లాస్టిక్కు. తలకు పనికివచ్చిన మందు మెడ జారి భుజమున పడినచో చాలును, బొమ్మకు జీవితాంతము మచ్చ తప్పదు. పదార్థము తెలియక మందు చెప్పువాడు వైద్యుడు కాడు. బొమ్మల విషయమునను అంతే.

పదార్థమును తెలిసికొనుట కష్టమేమియు కాదు. బొమ్మ అడుగున గాని లోపలివైపున గాని చిన్న అక్షరములతో దాని జాతిని పోత పోసియుండవచ్చును. త్రికోణములోని అంకె యున్నచో 2, 4 పాలిథీన్ రకములు, 5 పాలీప్రొపిలీన్, 6 పాలీస్టైరీన్, 3 పి.వి.సి.; 7 అనగా మిగిలినవి, ఏ.బి.ఎస్.తో సహా. గుర్తు లేనిచో నీటి గిన్నె చాలును. లోపల గాలి లేని గట్టి బిళ్లను నీటిలో ముంచి, అంటిన బుడగలను తుడిచి వదలవలెను. తేలినచో పాలిథీన్ గాని పాలీప్రొపిలీన్ గాని అయియుండును. అవి నీటికంటె తేలిక. మునిగినచో ఏ.బి.ఎస్., పాలీస్టైరీన్, పి.వి.సి. మొదలైనవానిలో ఒకటి. డొల్ల బొమ్మలకు ఈ పరీక్ష చెల్లదు. ఎనిమిదవ తరగతి పిల్లలకు సాంద్రతను గురించి గంటసేపు చెప్పు పాఠము ఈ గిన్నెలో అయిదు నిమిషములలో తేలును, లేదా మునుగును!

ఇక చేయు విధము. ఈ పనికి సంబంధించిన క్రియలు తెలుగున ఎన్ని యున్నవో చూడుడు: తుడుచుట, కడుగుట, రుద్దుట, తోముట, గీకుట, చెక్కుట. ఇవి పర్యాయపదములు కావు. ఒకదానికంటె ఒకటి కఠినము. వంటపాత్రల దగ్గర మన ఇల్లాండ్రు ఈ భేదమును తప్పక పాటింతురు. వెండి గిన్నెను తోము విధమున ఇనుప మూకుడును తోమరు. బొమ్మ విషయమునను ఈ వరుసనే నడువవలెను, ముందుదానితో పని జరిగినచో తరువాతిదాని జోలికి పోరాదు. గోరువెచ్చని సబ్బునీటితో కడిగి ఆరబెట్టుట మొదటిది. నాసిరకపు సిరా కొన్నిమార్లు దీనికే వదలును. పిదప పెన్సిలు రబ్బరుతో మెల్లగ రుద్ది చూడవచ్చును. సన్నని గీతలు, చిన్న అక్షరములు దీనికి లొంగుట కద్దు. అంటించిన చీటియైనచో వెచ్చని గాలి తగిలించి అంచునుండి ఒలిచి, మిగిలిన జిగురు మీద కొబ్బరినూనె రాసి కొంతసేపు ఉంచి, గుడ్డతో తుడిచి, సబ్బుతో కడిగిన చాలును. కిరసనాయిలు వాడువారున్నారు. ఆ వాసన పిల్లల చేతులకు అంటును, కొన్ని ప్లాస్టిక్కులకు పగుళ్లు పుట్టును, అది వలదు.

వీనికి లొంగని అచ్చునకు మందుల దుకాణములో దొరకు స్పిరిట్టు, అనగా ఐసోప్రొపైల్ ఆల్కహాలు, తగినది. పుల్లకు చుట్టిన దూదిని దానిలో తడిపి, పిండి, ముందుగ బొమ్మ అరికాలి క్రింద గాని, బిళ్ల వెనుక గాని ఒక నిమిషము అద్ది చూడవలెను. దూదికి దేహపు రంగు అంటినను, తాకిన చోట జిగట పుట్టినను, మెరుగు తగ్గినను అచ్చటనే ఆపవలెను. ఏ మార్పును లేనిచో అక్షరము మీద గుండ్రముగ తిప్పుచు, దూదిని మాటిమాటికి మార్చుచు తుడువవలెను. పాత దూదితోనే తుడిచినచో పోయిన సిరాను తిరిగి పూసినట్లగును. అద్దము వలె పారదర్శకమైన భాగములను మాత్రము స్పిరిట్టుతో తాకరాదు. అక్రిలిక్, పాలీకార్బొనేట్ వంటి వానిలో పోత పోయునపుడు కలిగిన బిగువు దాగియుండును. స్పిరిట్టు తగిలినచో వెంట్రుకల వంటి పగుళ్లు తేలును. పండ్లు తోము పేస్టు, కొత్తగా వచ్చిన మెలమైన్ స్పాంజి చేతికి మెత్తగనే యున్నను నిజమునకు సన్నని ఆకురాళ్లు. అవి అచ్చును తీయును. దానితో పాటు నిగనిగలను కూడ తీయును. నిగనిగ లేని గరుకు బొమ్మకు అవి సరిపోవును గాని మెరయు బొమ్మకు కావు. బ్లేడు పేరు ఎత్తనే వలదు.

ఇంత చేసినను లొంగని సిరాలు కలవు. రెండు ద్రవములు కలిపి గట్టిపరచినవి, అతినీలలోహిత కాంతితో ఆరబెట్టినవి స్పిరిట్టును లెక్కచేయవు. అచ్చట పంతము పనికిరాదు. ఆ అక్షరము మీద సరియైన అక్షరము గల చీటిని అంటించుట గౌరవమైన మార్గము. మరికొన్ని చోట్ల సిరా పోయినను నీడ మిగులును. సిరా కొరికిన గుర్తు అది. పాత ఏ.బి.ఎస్. బొమ్మలలో మరియొక కారణమును గలదు: ఎండకు, గాలికి దేహమంతయు పసుపు తిరుగగా, సిరా క్రింద నున్న భాగము మాత్రము పూర్వపు తెలుపుతో నిలుచును. సిరా తీయగనే ఆ తెల్లని అక్షరము బయటపడి నవ్వును. దానిని పోగొట్టవలెనని ఇంకను రుద్దువారు బిళ్లకు గుంట పెట్టుదురు. నీడను నీడగనే వదలి, దాని మీద అంతకంటె లావైన గీతతో సరియైన అక్షరమును వ్రాసినచో పిల్లలకు ఏ చిక్కును ఉండదు. కొత్తదిగా కనబడవలెనను వెర్రియే సగము బొమ్మలను చంపుచున్నది.

పని చేయువారు పెద్దలే కావలెను. స్పిరిట్టు త్వరగ మండును. పొయ్యి, దీపము, అగరుబత్తి దగ్గర లేకుండ, కిటికీలు తెరచి చేయవలెను. తుడిచిన బిళ్లలను సబ్బుతో కడిగి, వాసన పూర్తిగ పోవువరకు ఒకటి రెండు దినములు గాలికి ఉంచిన పిదపనే పిల్లలకీయవలెను. కొత్తగా వ్రాసిన సిరా నోట పెట్టుకొనదగినది కాదు గనుక, అన్నిటిని నోటిలో పెట్టుకొను పసివారికి ఈ బిళ్లలు తగవు. పాతబడి రంగు పెచ్చులు ఊడుచున్న బొమ్మలను గీకుటయు, గరుకు కాగితముతో రుద్దుటయు అసలే కూడదు. పూర్వపు రంగులలో సీసము ఉండవచ్చును. రుద్దినచో అది పొడియై గాలిలో కలియును. బొమ్మలనుండి వెలువడు సీసమునకు మన జాతీయ ప్రమాణము ఐ.ఎస్. 9873 మూడవ భాగము విధించిన హద్దు కిలోకు 90 మిల్లీగ్రాములు. 2021 జనవరి 1 నుండి మనదేశమున బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయినది. అంతకు ముందటివి, గుర్తు లేనివి, పెచ్చులూడునవి అయినచో వానిని కాపాడు ఆలోచన మాని తీసివేయుటయే మేలు. గుర్తున్న బొమ్మలను తుడుచునపుడు ఆ గుర్తును, ఏ వయసువారికి తగినదో చెప్పు మాటను మాత్రము చెరుపరాదు. తరువాతి ఉపాధ్యాయునకు అది సాక్ష్యము.

అక్షరముల మాట అట్లుండగా, ముఖముల మాట మరికొంత సున్నితము. ఆస్ట్రేలియాలోని టాస్మేనియా ద్వీపమున సోనియా సింగ్ అను కళాకారిణి, ఇతరులు వాడి వదలిన బ్రాట్జ్ బొమ్మల మీది దట్టమైన కంటిరంగును, పెదవిరంగును తుడిచివేసి, వానికి మామూలు పసిపిల్లల ముఖములను చిత్రించెను. 2015లో ఆ బొమ్మలు లోకమంతట ప్రసిద్ధికెక్కినవి. ఆమె తల్లి వానికి ఉన్ని దుస్తులు అల్లెను. ఆ బొమ్మలను చూచిన వారెవరికైనను ప్రీతి కలుగును. మన అంగడులలోని బొమ్మలలో మన పిల్లల రంగు, మన పిల్లల ముఖకవళికలు ఎంత అరుదో తలచినపుడు, ఇట్టి పని మన పాఠశాలలలోను జరిగినచో బాగుండునని తోచును. గుడ్డబొమ్మకు కాటుకతో రెండు చుక్కలు పెట్టి కన్నులనుకొన్న దేశము మనది. తక్కినది పిల్ల ఊహకు వదలెడివారు.

కాని ఒక హద్దు గలదు. ఆమె తీసికొన్నవి వదలివేసిన బొమ్మలు. బడి పెట్టెలోని బిళ్ల బడిది. దానిని దిద్దు అధికారము ఉపాధ్యాయునకు గలదు. పిల్ల చంకన పెట్టుకొని తెచ్చిన బొమ్మ ఆ పిల్లది. దాని ముఖము మనకు ఎంత వికారముగ కనబడినను, సగము చెరిగి ఒంటికన్నుతో నున్నను, ఆ పిల్ల అడుగకుండ తుడుచుట తగదు. ఆ చెరిగిన కన్ను ఎన్నో ముద్దుల గుర్తు కావచ్చును. మంచి ముఖము పెట్టెదమని తీసికొని, ఖాళీ ముఖముతో తిరిగి యిచ్చినచో ఆ బిడ్డ పడు దుఃఖము మన సౌందర్యదృష్టికి అందనిది.

ప్లాస్టిక్కే వలదు, కొయ్యబొమ్మలు కొనుడు అను మిత్రులున్నారు. కొనదలచిన వారు కొయ్యవే కొనవలెనని నేనును అందును. ఏటికొప్పాక, కొండపల్లి, నిర్మల్ మనకు దూరము కావు. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆటల ద్వారా బోధనకు చోటిచ్చిన పిదప, 2023లో మూడు నుండి ఎనిమిదేండ్ల పిల్లల కొరకు ‘జాదుయీ పిటారా’ అను పెట్టె వచ్చిన పిదప, బడులలో బొమ్మలకు ఆదరము పెరుగుచున్నది. అయితే ఇప్పటికే బడికి చేరిన ప్లాస్టిక్ బిళ్లలు పారవేసినంత మాత్రమున లేకుండ పోవు. చెత్తకుప్పలో నున్న ‘దనుస్సు’ కంటె తరగతిలో నున్న ‘ధనుస్సు’ మేలు కదా!

ఈ పని చేయబూను ఉపాధ్యాయ మిత్రులకు మరియొక మాట. తప్పు అచ్చైన బిళ్లలనన్నిటిని తుడిచివేయకుడు. ఒక్కొక్క తప్పునకు ఒక్కొక్క బిళ్లను యథాతథముగ ఉంచి, తప్పును, ఒప్పును కాగితము మీద పెద్ద అక్షరములతో వ్రాసి, పెట్టె మీద నున్న చిరునామాకు పంపుడు. ఒక బడి పంపినచో వారు పట్టించుకొనకపోవచ్చును. మండలములోని బడులన్నియు ఒకే వారమున పంపినచో, తరువాతి విడత పోత పోయుటకు ముందైనను తెలుగు చదువవచ్చిన వానిని ఒకనిని పిలిచి చూపింతురు. ‘క్ష’ బిళ్లను పంపుట మాత్రము మరువవలదు; ఆ విడిపోయిన అక్షరమును చూచినచో తెలుగు రానివారికి కూడ ఏదో తేడా యున్నదని తెలియును.